తాళం ఎవరి చేతిలో ఉన్నది?

కాజీపేట నుండి బల్లార్షా వైపు ఉత్తరంగా ప్రయాణం చేసేవారికి పెద్దపల్లి ఒక కూడలి స్టేషను. మద్రాసును ఢిల్లీతో నేరుగా కలిపిన ఆ ప్రధాన మార్గం 1929లో పూర్తియైనది. పెద్దపల్లి వద్ద ఒక శాఖ పడమరగా చీలి, కరీంనగరం, జగిత్యాలల మీదుగా సాగి, 2017లో నిజామాబాదును చేరుకొన్నది. ఇది ఒంటిపట్టాల దారి. ముద్‌ఖేడు నుండి కిన్వట్ మీదుగా ఆదిలాబాదుకు వచ్చే దారి కూడ అట్టిదే. పోయే బండికీ, వచ్చే బండికీ బాట ఒక్కటే. ఇట్టి దారిలో రెండు స్టేషన్ల నడుమ ఎదురెదురుగా రెండు బండ్లు ప్రవేశిస్తే ఏమవుతుందో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ప్రమాదాన్ని నివారించడానికి మన దేశపు ఒంటిపట్టాల దారులపై చిరకాలం వాడుకలో ఉన్న సాధనం ఒకటి ఉన్నది. దానిని నీల్స్ బాల్ టోకెన్ యంత్రం అంటారు. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలుంటవి. వాటిని విద్యుత్తు తీగె కలుపుతుంది. వాటి కడుపులో ఇనుప గోళాలుంటవి. రెండు స్టేషన్ల మాస్టర్లూ సమ్మతిస్తేనే ఒక గోళం బయటకు వస్తుంది. ఒకటి వచ్చిన తరువాత, దానిని తిరిగి ఈ యంత్రంలోనో ఆ యంత్రంలోనో వేసేవరకు రెండవ గోళం రాదు. ఆ గోళాన్ని తోలుసంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి డ్రైవరు చేతికి అందిస్తారు. గోళం చేతిలో ఉన్నవాడే బండి నడపాలి, లేనివాడు నిలవాలి. నేడు చాలా చోట్ల ఈ గోళాల స్థానంలో ఇరుసులను లెక్కించే విద్యుత్ పరికరాలు వచ్చినవి. అయినా గోళం నేర్పిన నియమం మారలేదు.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. డ్రైవరు సంచి అందుకొనగానే బండి కదిలించడు. సంచిలో గోళం ఉన్నదా, దాని మీద చెక్కిన పేర్లు తాను పోవలసిన రెండు స్టేషన్లవేనా అని చూచుకొంటాడు. స్టేషన్ మాస్టరు మీద అనుమానం ఉండి కాదు; చూచుకొనడం విధి కనుక. నేటి మన ప్రసంగమంతా ఆ చూచుకొనడం గురించియే. అయితే విషయం రైలు కాదు. మీ ఇంటిలోని టెలిఫోనులోనూ, మీసేవా కేంద్రపు కంప్యూటరులోనూ, ఎక్కడో దూరాన ఉన్న బ్యాంకు యంత్రాలలోనూ ప్రతి క్షణమూ వేలకొలదిగా జరిగే ఇట్టి రాకపోకలలో, గోళం ఎవరి చేతిలో ఉన్నదో ఎట్లు కనుగొంటారు అన్నది విషయం.

కంప్యూటరులోని పనులన్నిటినీ కనిపెట్టి ఉండే కార్యక్రమాల సమూహాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. అందులో అతి లోతున ఉండే భాగం కెర్నెల్. అది విత్తులోని పప్పు వంటిది. స్మృతిని ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ పనికి ఎప్పుడు వంతు, తీగె మీద వచ్చిన వార్త ఎవరికి చెందుతుంది అనేవి నిర్ణయించేది అదే. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ ఈనాడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోనూ ఉన్నది. ప్రపంచంలోని సర్వర్లనబడే పెద్ద యంత్రాలలో అత్యధిక భాగం దానినే వాడుతున్నవి. దాని వ్రాత రహస్యం కాదు. కోరినవారు ఎవరైనా చదువుకొనవచ్చును. కనుక మన ఉదాహరణలన్నీ దానినుండియే గ్రహించుదాము.

కెర్నెల్‌లో నెట్‌వర్క్ భాగం అత్యంత రద్దీ గల విభాగం. ఉట్నూరులో ఒక వృద్ధురాలు రేషను దుకాణంలో వేలిముద్ర వేసినదనుకొందాము. ఆ ముద్రకు సంబంధించిన సమాచారం ప్యాకెట్లనే చిన్న పొట్లాలుగా విడిపోయి బయలుదేరుతుంది. దారిలోని ప్రతి యంత్రమూ ఆ పొట్లం మీది చిరునామా చూచి, తన వద్ద ఉన్న మార్గాల పట్టికను సంప్రదించి, ముందుకు పంపుతుంది. ఒకే యంత్రంలో నాలుగు, ఎనిమిది, ఒక్కొక్కచోట వందకు పైగా ప్రాసెసర్లు ఏకకాలంలో పనిచేస్తుంటవి. అన్నిటికీ పట్టికలు మాత్రం ఉమ్మడి. ఒకరు పట్టిక చదువుతుండగానే మరొకరు దానిని దిద్దవచ్చు. ఇక్కడనే చిక్కు పుడుతున్నది.

దీనికి మనకు తెలిసిన ఒక ఉపమానం చెబుతాను. ఆదిలాబాదు పత్తి మార్కెట్టులో ఒకే ఖాతా పుస్తకం మీద ఇద్దరు గుమాస్తాలు పనిచేస్తున్నారని ఊహించండి. అప్పటికి మొత్తం 400 క్వింటాళ్ళు. ఒక రైతు 20 క్వింటాళ్ళు తెచ్చినాడు. మొదటి గుమాస్తా పుస్తకంలో 400 అని చూచి, మనసులో 20 కలుపుకొంటున్నాడు. ఆ సమయంలోనే రెండవ గుమాస్తా కూడ 400 అని చూచి, మరొక రైతు తెచ్చిన 30 కలుపుకొంటున్నాడు. మొదటివాడు 420 అని వ్రాసినాడు. మరుక్షణమే రెండవవాడు దానిని కొట్టివేసి 430 అని వ్రాసినాడు. ఉండవలసినది 450. ఇద్దరూ కూడిక తప్పు చేయలేదు, ఇద్దరూ నిజాయితీపరులే. అయినా ఒక రైతు 20 క్వింటాళ్ళ పత్తి పుస్తకంలో నుండి మాయమైనది. ఈ తప్పు రోజూ జరగదు. ఇద్దరి చూపులూ ఒకే క్షణంలో పుస్తకం మీద పడిన నాడే జరుగుతుంది. కనుకనే దీనిని పట్టుకొనడం బహు కష్టం.

కెర్నెల్‌లో ఈ తప్పు జరిగితే లెక్క తప్పడంతో సరిపోదు. ఒక స్మృతిస్థలాన్ని ఎందరు వాడుతున్నారనే లెక్క తప్పినదంటే, ఇంకా వాడుతున్నవారుండగానే ఆ స్థలాన్ని ఖాళీ అని మరొకరికి ఇచ్చివేస్తుంది. ఒకరి ఇంటిలో మరొకరు కాపురం పెట్టినట్లవుతుంది.

దీనికి విరుగుడు తాళం. పట్టిక ముట్టదలచినవాడు మొదట తాళం పుచ్చుకొనాలి. పని ముగించి విడిచిపెట్టాలి. తాళం ఒక్కటే కనుక లోపల ఒక్కరే ఉంటారు. ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు నెదర్లాండ్స్ దేశీయుడైన ఎడ్స్గర్ డైక్‌స్ట్రా. 1960వ దశకపు తొలి సంవత్సరాలలో ఆయన కల్పించిన సాధనానికి సెమఫోర్ అని పేరు. అది రైల్వేలలో చేయి ఎత్తి దించే సిగ్నలు స్తంభానికి ఉన్న పేరే. కనుక మనం పెద్దపల్లి స్టేషనులో ప్రసంగం ప్రారంభించడం కేవలం ఉపమానం కొరకే కాదు; ఈ శాస్త్రానికి రైలుతో పేరు చుట్టరికం ఉన్నది.

కెర్నెల్ తాళాలలో ముఖ్యంగా రెండు జాతులున్నవి. మొదటిది స్పిన్‌లాక్. తాళం దొరకనివాడు గుమ్మం వద్దనే నిలబడి, క్షణక్షణం తలుపు తట్టుతూనే ఉంటాడు. లోపలి పని అతిస్వల్పమైనప్పుడే ఇది తగును. రెండవది మ్యూటెక్స్. దొరకనివాడు పక్కన పడుకొని నిద్రపోతాడు. వంతు రాగానే లేపుతారు. నెట్‌వర్క్ భాగంలో పొట్లం వచ్చిన తరుణంలో నడిచే పని మధ్యలో నిద్రపోకూడదు. ప్రత్యక్ష ప్రసారంలో ఉన్న అనౌన్సరు మైకు ముందు నుండి లేచి టీ త్రాగడానికి పోకూడదు కదా! స్పిన్‌లాక్ చేతిలో ఉండగా నిద్రపోవడం మహాపరాధం. బయట తట్టుతున్నవారందరూ తట్టుతూనే ఉండిపోతారు, యంత్రం స్తంభిస్తుంది.

లినక్స్‌లో తాళాల చరిత్ర కూడ వినదగినది. 1996లో వెలువడిన 2.0 కూర్పులో, ఒకటికి మించిన ప్రాసెసర్లు గల యంత్రాలను మొదటిసారిగా అంగీకరించినప్పుడు, కెర్నెల్ మొత్తానికీ ఒకే పెద్ద తాళం వేశారు. ఊరంతటికీ ఒకే బావి, ఒకే చేద అన్నమాట. భద్రత ఉన్నది; వేగం లేదు. క్రమంగా ఒక్కొక్క శాఖకు వేరు వేరు చిన్న తాళాలు ఏర్పడినవి. 2001 జనవరిలో వచ్చిన 2.4 కూర్పునాటికే నెట్‌వర్క్ శాఖ ఆ పెద్ద తాళం చెరనుండి చాలవరకు బయటపడినది. ఆ పెద్ద తాళాన్ని సంపూర్ణంగా తొలగించడానికి 2011 వరకు పట్టినది. అయినా నెట్‌వర్క్ శాఖలో ఆర్.టి.ఎన్.ఎల్. అనే మరొక ముఖ్యమైన తాళం నిలిచినది. యంత్రానికి కొత్త చిరునామా ఇవ్వడం, ఒక తీగెను పనిలో పెట్టడం లేదా తీసివేయడం వంటి ఏర్పాట్ల మార్పులన్నీ దాని క్రిందనే జరగాలి. దానిని కూడ చిన్న తాళాలుగా విడగొట్టే కృషి ఇటీవలి సంవత్సరాలలో సాగుతున్నది.

తాళాలు పెరిగినకొద్దీ ఒక కొత్త ప్రశ్న పుట్టినది. ఏ పనికి ఏ తాళం కావాలో ఎవరు గుర్తుంచుకొంటారు? కెర్నెల్‌లో ఒక చిన్న కార్యాన్ని ఇరవై చోట్ల నుండి పిలువవచ్చు. ‘నన్ను పిలిచేవాడు తాళం పుచ్చుకొని రావాలి’ అని ఆ కార్యపు తలమీద వ్యాఖ్య వ్రాసి ఉంటుంది. పందొమ్మిదిమంది ఆ వ్యాఖ్య చదివి పాటిస్తారు, ఇరవయ్యవవాడు చదవడు. అందువల్ల వ్యాఖ్యతో తృప్తిపడక, కార్యం తన గుమ్మంలోనే తనిఖీదారును నిలిపినది. ఆర్.టి.ఎన్.ఎల్. తాళానికి అట్టి తనిఖీ చిరకాలంగా ఉన్నది. పట్టిక ముట్టబోయే ముందు తాళం పడి ఉన్నదా అని చూచి, లేకపోతే, ఏ దారిన ఎవరు వచ్చినదీ వివరిస్తూ కెర్నెల్ దినచర్యలో హెచ్చరిక వ్రాస్తుంది.

ఇక్కడ శ్రోతలు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన విషయమున్నది. తాళం పడి ఉన్నదా అని అడగడమూ, తాళం నా చేతిలో ఉన్నదా అని అడగడమూ ఒకటేనా? కావు. పెద్దపల్లి యంత్రం నుండి గోళం బయటకు పోయినదని తెలిసినంత మాత్రాన అది నా చేతిలో ఉన్నదని చెప్పలేము. ఎదుటి నుండి వచ్చే బండి డ్రైవరు చేతిలో ఉండవచ్చు. గోళం బయట ఉన్నది కదా అని నేను ధైర్యంగా బండి నడిపితే, సరిగ్గా ఆ ధైర్యమే ప్రమాదాన్ని తెస్తుంది. మా స్టూడియో తలుపుల పైన ఎర్రదీపం వెలుగుతుంటుంది. దీపం వెలుగుతున్నదంటే ఎవరో ప్రసారంలో ఉన్నారని అర్థం; చూచినవాడు ప్రసారంలో ఉన్నాడని కాదు.

పైన చెప్పిన పాత తనిఖీ అడిగేది మొదటి ప్రశ్ననే. తాళం ఎవరి చేతిలో ఉన్నా అది సంతృప్తి పడుతుంది. తప్పు చేసినవాడు లోపలికి వచ్చిన క్షణంలో మరెవరో న్యాయంగా తాళం పుచ్చుకొని ఉంటే, తప్పు కప్పబడిపోతుంది. విచిత్రమేమంటే, రద్దీ ఎక్కువైనకొద్దీ, అంటే ప్రమాదం ఎక్కువైనకొద్దీ, తాళం ఎవరో ఒకరి చేతిలో ఉండే అవకాశం పెరుగుతుంది. తనిఖీ మౌనం వహించే అవకాశం కూడ పెరుగుతుంది. మరొక వైపరీత్యం కూడ ఉన్నది. ఒకే ప్రాసెసరు గల యంత్రానికి తయారుచేసిన కెర్నెల్‌లో స్పిన్‌లాకులు దాదాపు లేనట్లే. అవసరం లేదు కనుక వాటిని కరగించివేస్తారు. అక్కడ తాళం పడి ఉన్నదా అని అడిగితే, ఎప్పుడూ లేదు అనియే సమాధానం. నిర్దోషి మీద నేరం మోపినట్లవుతుంది.

సరియైన ప్రశ్న అడగాలంటే, ఎవరు ఏ తాళం పుచ్చుకొన్నదీ పేరు పేరునా లెక్క వ్రాసే గుమాస్తా ఉండాలి. అట్టి గుమాస్తా 2006లో లినక్స్‌కు లభించినాడు. హంగరీ దేశీయుడైన ఇంగో మోల్నార్ ముఖ్యుడుగా నిర్మించిన ఆ ఏర్పాటు పేరు లాక్‌డెప్. ఇది ప్రతి పనికీ ఒక చిట్టా వ్రాస్తుంది. ‘ఈ తాళం ఇప్పుడు నా చేతిలో ఉన్నదా?’ అని అడిగితే ఆ చిట్టా చూచి చెబుతుంది. నేడు నెట్‌వర్క్ శాఖలో అనేక తనిఖీలు ఈ చిట్టాను ఆశ్రయించియే నడుస్తున్నవి.

లాక్‌డెప్ చేసే రెండవ ఉపకారం ఇంకా గొప్పది. దానిని వివరించడానికి నా అనుభవం ఒకటి చెబుతాను. మునుపు నేను పనిచేసిన ఒక చోట పాత టేపులను డిజిటల్ రూపంలోకి మార్చే పని జరుగుతుండేది. అందుకు రెండు వస్తువులు కావాలి: టేపుల గది తాళంచెవి, టేపు నడిపే యంత్రం. యంత్రం ఒక్కటే మిగిలి ఉన్నది. ఒకనాటి ఉదయం నేను తాళంచెవి పుచ్చుకొని యంత్రం కొరకు నిరీక్షిస్తున్నాను. పక్క గదిలో మా సహోద్యోగి యంత్రం ముందు కూర్చుండి తాళంచెవి కొరకు నిరీక్షిస్తున్నారు. ఆయన పని అయిన తరువాత యంత్రం ఇస్తారని నేను, నా పని అయిన తరువాత చెవి ఇస్తానని ఆయన! మధ్యాహ్న భోజనవేళకు గాని మా ఇద్దరికీ విషయం తెలియలేదు. ఆనాటి సాయంత్రం ప్రసారం కావలసిన ఒక వృద్ధ కళాకారుని పాత ముద్రణ సిద్ధం కాక, మరొకటి వేయవలసి వచ్చినది. ఆ కళాకారుని కుటుంబంవారు రేడియో ముందు కూర్చుండి ఎదురుచూచినారని తరువాత తెలిసి, నేను చాలా నొచ్చుకొన్నాను.

మనుష్యులకు భోజనవేళ ఉన్నది, కెర్నెల్‌కు లేదు. ఇద్దరు ఇట్లు పరస్పరం నిరీక్షిస్తే కాలాంతం వరకు అట్లే ఉండిపోతారు. దీనినే ప్రతిష్టంభన అంటారు. నివారణ సులభం: రెండు తాళాలు కావలసినవారందరూ ఒకే వరుసలో పుచ్చుకొనాలి. మొదట చెవి, పిమ్మట యంత్రం; ఎవరూ దీనికి విరుద్ధంగా పోరాదు. లాక్‌డెప్ తన చిట్టాలో ఈ వరుసలను కూడ గుర్తుంచుకొంటుంది. సోమవారం నేను చెవి, యంత్రం అనే వరుసలో పుచ్చుకొని, గురువారం ఆయన యంత్రం, చెవి అనే వరుసలో పుచ్చుకొంటే, ఆ రెండు దినాలూ ఏ నష్టమూ జరగకపోయినా, ‘మీరిద్దరూ ఒకనాడు చిక్కుకొంటారు’ అని గురువారమే హెచ్చరిస్తుంది. జరిగిన ప్రమాదాన్ని చెప్పేవారు అనేకులు. జరగబోయేదానిని ఆధారంతో చెప్పేవారు అరుదు.

అయితే ఈ గుమాస్తాకూ పరిమితులున్నవి. మొదటిది, చిట్టా వ్రాయడానికి కాలం పడుతుంది. కనుక మీ ఫోనులోని కెర్నెల్‌లో సాధారణంగా లాక్‌డెప్ ఉండదు. పరీక్షాశాలలో నడిపే కెర్నెల్‌లోనే ఉంటుంది. రెండవది, నడిచిన దారులనే అది చూడగలదు. ఎవరూ నడవని దారిలో గోతులున్నా దానికి తెలియదు. మూడవది, ఒక దోషం కనబడగానే అది చెప్పవలసినది చెప్పి, అప్పటినుండి చిట్టా మూసివేస్తుంది. చిట్టా మూసిన తరువాత ‘తాళం నా చేతిలో ఉన్నదా?’ అని అడిగి, లేదన్నదని నేరం మోపడం అన్యాయం. కనుక నెట్‌వర్క్ శాఖలోని తనిఖీలు, ‘చిట్టా లేదన్నది, చిట్టా ఇంకా తెరచియే ఉన్నది’ అనే రెండు సంగతులూ నిజమైనప్పుడే హెచ్చరిక చేస్తవి. సాక్షి చెప్పినది వినడానికి ముందు సాక్షి మేలుకొని ఉన్నాడా అని చూడడం వంటిది ఇది.

తాళం లేకుండానే చదువుకొనే సౌకర్యం ఒకటి ఉన్నది. 2002లో లినక్స్‌లో చేరిన ఆ పద్ధతిని ఆర్.సి.యు. అంటారు. మార్గాల పట్టికను చదివేవారు క్షణానికి లక్షలు, మార్చేవారు అరుదు. చదివే ప్రతివాడూ తాళం పుచ్చుకొనవలెనంటే పని సాగదు. అందుచేత మార్చేవాడు పాతదానిని ముట్టక, కొత్త ప్రతి వ్రాసి, పాతదాని స్థానంలో పెడతాడు. అప్పటికే పాత ప్రతి చదువుతున్నవారందరూ ముగించేవరకు ఆగి, పిమ్మట దానిని చించివేస్తాడు. కొత్త కార్యక్రమ పత్రిక వచ్చినదని మీరు చదువుతున్న పాత పత్రికను మీ చేతిలో నుండి ఎవరూ లాగివేయరు కదా! ఇక్కడ తనిఖీ అడిగే ప్రశ్న కొంచెం భిన్నం: ‘నీవు పాఠకుడుగా నమోదు అయినావా, లేక మార్చేవాని తాళం నీ చేతిలో ఉన్నదా?’ రెండింటిలో ఏదో ఒకటి ఉండాలి. రెండూ లేనివాడు దొంగచాటుగా చదువుతున్నట్లే.

ఇక తాళం మరచినందువల్ల కలిగే అనర్థానికి ఒక యథార్థ ఉదాహరణ. లినక్స్ నెట్‌వర్క్ శాఖలో ప్యాకెట్ సాకెట్ అనే భాగమున్నది. తీగె మీద వచ్చిన పొట్లాలను ఉన్నవి ఉన్నట్లుగా చూడగోరే కార్యక్రమాలకు అది ద్వారం. అక్కడ మూడు విధాల కూర్పులలో ఒకదానిని ఎన్నుకొనవచ్చు. మూడవ కూర్పుకు ఒక గడియారం జోడిస్తారు. పని ముగిసినప్పుడు ఆ గడియారాన్ని ఆపి, తరువాత స్మృతిని విడిచిపెట్టాలి. 2011లో చేసిన ఒక మార్పులో, కూర్పును ఎన్నుకొనే పనికీ, స్మృతిని ఏర్పాటుచేసే పనికీ ఒకే తాళం వేయడం జరగలేదు. ఒకడు మూడవ కూర్పు అని గడియారం పెట్టిస్తుండగా, ఆ మధ్యలోనే మరొకడు మొదటి కూర్పుగా మార్చవచ్చు. అప్పుడు ముగింపు వేళ గడియారాన్ని ఎవరూ ఆపరు. విడిచిపెట్టిన స్మృతిలో అది మ్రోగుతుంది. ఈ సందును ఉపయోగించుకొని యంత్రంలో సామాన్యమైన అధికారం మాత్రమే గలవాడు సర్వాధికారి కావచ్చునని 2016 చివర బయటపడినది. అయిదు సంవత్సరాలు ఆ ద్వారం తెరచియే ఉన్నది. దానికి చికిత్స ఏమి? ఆ రెండు పనులకూ ముందు సాకెట్ తాళం పుచ్చుకొని, తరువాత విడిచిపెట్టే కొద్దిపాటి పంక్తులు. అంతే.

ఈ ఉదాహరణ నుండి శ్రోతలు గమనించవలసినది, దోషం పెద్దదిగా కనబడనక్కరలేదన్నది. 1997లో అంగారక గ్రహం మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు మాటిమాటికీ తనంతట తాను మొదటినుండి ప్రారంభమవుతూ వచ్చినది. వాతావరణ విశేషాలు సేకరించే ఒక చిన్న పని చేతిలో తాళం చిక్కి, ముఖ్యమైన పని నిరీక్షించవలసి రావడం, ఆ నడుమ మధ్యరకపు పనులు చిన్నదానిని ముందుకు సాగనీయకపోవడం దానికి కారణం. తాళం చేతిలో ఉన్నంతసేపు చిన్న పనికి పెద్ద పని హోదా ఇచ్చే ఏర్పాటు ఆ కార్యక్రమంలో ఉన్నది. దానిని వాడుకలో పెట్టలేదు. భూమి మీద నుండి ఆదేశం పంపి దానిని వాడుకలో పెట్టగానే జబ్బు కుదిరినది.

ఇక తనిఖీ హెచ్చరిక చేసినప్పుడు ఏమి చేయాలి? మన జిల్లాలనుండి కంప్యూటరు విద్య అభ్యసించి ఈ పనులలో ప్రవేశిస్తున్న యువకులకూ, యువతులకూ ఇది ఉపయోగపడుతుంది కనుక చెబుతాను. చేయకూడనివి మూడు. మొదటిది, తనిఖీని తీసివేయడం. కుక్క మొరుగుతున్నదని కుక్కను తరిమివేస్తే దొంగ పోడు. రెండవది, ఆలోచించక అక్కడికక్కడే తాళం వేసివేయడం. పిలిచిన ఇరవైమందిలో పందొమ్మిదిమంది అదే తాళం పుచ్చుకొనియే వచ్చినారు. కెర్నెల్ తాళాలు తన యజమానికైనా రెండవసారి లభించవు. తాను లోపల వేసిన తలుపును తానే బయట నిలబడి తట్టినట్లు వారందరూ నిలిచిపోతారు. మూడవది చూడడానికి తెలివైనదిగా తోస్తుంది కాని, అన్నిటికంటె అపాయకరమైనది: ‘తాళం పడి ఉంటే నేను వేయను, లేకపోతే వేసుకొంటాను’ అనడం. పడి ఉన్న తాళం తనది కాదేమో అన్న ప్రశ్న ఇక్కడ మరుగుపడుతుంది. ఎదురు బండి చేతిలోని గోళాన్ని తనదిగా భావించడమే ఇది.

చేయవలసినది ఓర్పుతో కూడిన పని. హెచ్చరికతోపాటు కెర్నెల్ వ్రాసిన దారిని చివరి మెట్టు నుండి మొదటి మెట్టు వరకు చదవాలి. తాళం లేకుండా వచ్చిన ఆ ఇరవయ్యవవాడు ఎవరో గుర్తించాలి. అతడు తాళం పుచ్చుకొనవలసిన స్థానం ఎక్కడనో, అక్కడ నిద్రపోగల తాళం తగునా, తగదా అన్నదీ నిర్ణయించాలి. అప్పటికే అతని చేతిలో మరొక తాళముంటే, వరుస తప్పుతున్నదేమో చూడాలి. ఒక్కొక్కప్పుడు విచారణలో ఆ సందర్భంలో తాళమే అవసరం లేదని తేలవచ్చు. అప్పుడే లోకంలోకి వచ్చి, ఇంకా ఎవరికీ కనబడని వస్తువును దాని కర్త ఒక్కడే ముట్టగలడు. అట్టిచోట తనిఖీ లేని వేరొక దారిని ఏర్పరచి, ఎందుకు లేదో కారణం వ్రాసి పెట్టడం కెర్నెల్‌లో ఆచారం. తనిఖీకి మినహాయింపు ఉండవచ్చు. కారణం లేని మినహాయింపు ఉండకూడదు.

ఈ పనులు చేసేవారి పేర్లు మనకు తెలియవు. ఉట్నూరులోని వృద్ధురాలికీ తెలియవు. ఆమెకు తెలిసినదల్లా వేలిముద్ర వేయడం, బియ్యం తూకం కావడం, సంచి నెత్తిన పెట్టుకొని ఇల్లు చేరడం. ఆ వేలిముద్ర పోయే దారి పొడుగునా ఎన్ని తాళాలు పడి లేచినవో, ఎన్నిచోట్ల ‘తాళం నీ చేతిలో ఉన్నదా?’ అన్న ప్రశ్నకు ఎన్నడో ఒక పరీక్షాశాలలో సరియైన సమాధానం చెప్పించారో ఆమె ఎరుగదు. ఎరుగనక్కరలేకుండా చేయడమే ఆ పని చేసేవారి ధర్మం.

పెద్దపల్లి స్టేషనులో ఆ డ్రైవరు సంచి విప్పి, గోళాన్ని దీపపు వెలుగులో త్రిప్పి పేరు చదువుకొనడానికి పట్టేది కొద్ది క్షణాలే. ఆ కొద్ది క్షణాలు బండిలోని ప్రయాణికులకు ఆలస్యంగా తోచవచ్చు. వారిలో నిద్రపోతున్న పసిబిడ్డలున్నారని డ్రైవరుకు తెలుసు. అందుకే, ఏళ్ళ తరబడి అదే దారిలో అదే గోళం అందుకొన్నవాడైనా, ప్రతి రాత్రీ చదివిన తరువాతనే బండి కదుపుతాడు.